ఎడం చెంప

కందుకూరులో, మిద్దె మీది గదిలో,
బీరువా వెనక నుంచి దుప్పటి చుట్ట తీసి
కామాక్షమ్మ నా ముందు పెట్టింది.
"ఆయన పోయి నాలుగేళ్ళు.
కాయితాలు నీ పేర రాయించుకో,
బేరం మాత్రం ఆడబాక" అనింది.
ఆడలేదు.

కలరా ఉండల వాసన లోంచి
ఒంటి తూటా తుపాకి.
కింది మీట లాగితే
ఇనప దిమ్మె నాలిక మాదిరి వాలుద్ది,
ఒక్కటి మింగుద్ది,
నోరు మూసుకుంటుంది.
రెండోదానికి చోటు లేదు.
గొట్టం కిటికీకెత్తి కన్నుపెట్టి చూశా.
మెలికలు తిరిగిన వెలుతురు,
మూతి కాడ రవంత తుప్పు.
రుద్దితే పొయ్యేదే.

చెక్కకి కుడి పక్కన మాత్రం
అరచెయ్యంత మచ్చ, అద్దమంత నునుపు.
"ఆయనది ఎడంచెయ్యి" అనింది,
"అన్నం తప్ప అన్నీ దాంతోనే."
ఎన్నేళ్ళు ఆనుకుందో ఆ చెంప,
గడ్డం మాసిన రోజుల్లో కూడా.
భుజానికెత్తి చూసుకున్నా.
నన్ను చూసి మొహం తిప్పుకున్నట్టు
చెక్క అటు వంగి ఉండాది.

కలెక్టరాఫీసు చుట్టూ ఏడు నెలలు.
పంట నష్టానికి ఫొటోలు తెమ్మన్నారు.
పంది తిన్న చెనిక్కాయకి ఫొటో యాడిది సార్,
గుంతలు తప్ప?
గుంతలే తీసుకపోయా.
ఒకదాంట్లో నా చెప్పు కూడా పడింది.

ఉదయగిరిలో చెక్క చెంచాలు చేసే గౌసియా
తుపాకి చెక్క ఎప్పుడూ ముట్టలేదంట.
"గరిటె కాడకీ దీనికీ ఏందన్నా తేడా,
రెండూ ఒంటికి అమరాల గదా" అనింది.
నర్ది మొద్దు ఒకటి, ఎండి గంటలా మోగేది,
అటక మీంచి దింపింది.
నన్ను గోడకి నిలబెట్టి
కళ్ళు మూసుకోమనింది, ఎత్తమనింది.
చెంప ఆనిన కాడ బొగ్గు గీత.
ఆకురాయి. మళ్ళీ ఎత్తు.
పదకొండు సార్లు తిట్టుకున్నా.
పన్నెండోసారి కళ్ళు తెరిస్తే
గురిముల్లు దాని గాట్లో అదే కూర్చోనుండాది,
పిలవకముందే వచ్చి పీటేసుకున్న చుట్టం మాదిరి.

అవిసె నూనె ఏడు పూతలు.
మడమకి సైకిలు టైరు ముక్క.
సూది స్ప్రింగు నెల్లూరులో వేయించా.
"ఇది నీకంటే ఎక్కువ బతుకుద్ది" అన్నాడు షాపాయన,
డబ్బులు లెక్కపెట్టుకుంటా.
భుజం పట్టాకి
మా చచ్చిపోయిన కోడె మెడగంటల పట్టెడ కోసి
వింజమూరులో కుట్టించా.
గంటలు తీసిన బొక్కలు అట్టనే ఉండాయి.

పాత చెక్క పొయ్యిలోకే అనుకున్నా.
గౌసియా ఒప్పుకోలా. "అక్రోటన్నా ఇది,
మన కొండల్లో పుట్టేది కాదు."
దాన్ని కోసి గరిటె చేసింది.
మచ్చ జోలికి పోలేదు,
గరిటె వీపు అయ్యింది మచ్చ.

మళ్ళీ కందుకూరు బస్సెక్కా.
కామాక్షమ్మ గరిటె తిప్పి చూసింది,
వీపు మీద బొటనవేలు అటూ ఇటూ పోయింది.
చానాసేపు.
"పప్పులోకి పనికొస్తుంది" అనింది.
మజ్జిగ ఇచ్చింది. తాగి వచ్చేశా.

కాయ గట్టిపడే నెలకి ఎలక్షన్లొచ్చాయి.
సీతారామపురం స్టేషన్లో బల్ల మీద పెట్టా.
"ఇంత సోకెందుకు మాలకొండయ్యా దీనికి,
పెళ్ళికా?" అన్నాడు రైటరు.
రసీదు రాసిచ్చాడు. జేబులో పెట్టుకున్నా.

ఆ రాత్రే దిగాయి, వెలిగొండ మీంచి.
మంచె కింద మట్టి తెగే చప్పుడు,
పిల్లల గురగుర.
ఒట్టి చేతులు భుజానికెత్తి
కళ్ళు మూసుకున్నా.
లేని చెక్క మీదికి చెంప దానంతట అదే వంగి
సరిగ్గా ఆ చోట ఆగింది.
కళ్ళు తెరిచా. ఒక పెద్దది, నాకెదురుగా,
నోట్లో చెట్టు.

ఇంక డబ్బా అందుకుని వాయించా,
తెల్లవారేదాకా.